వాలే నేల మీద వాల్ట్జ్

అట్లాంటిక్ నడుమ వెళ్తున్న ప్రయాణికుల ఓడ మూడంటే మూడు డిగ్రీలు పక్కకు ఒరిగిందనుకుందాం. బల్ల మీది గ్లాసులో నీళ్ళు కాస్త అంచుకు జరుగుతాయి. కుర్చీల్లో ఉన్నవాళ్ళు కబుర్లు కూడా ఆపరు. అదే క్షణంలో నాట్యశాలలో ఒకరినొకరు పట్టుకుని వాల్ట్జ్ ఆడుతున్న జంట సంగతి వేరు. 60 కిలోల మనిషిని ఆ కొద్దిపాటి వాలు 31 న్యూటన్ల బలంతో పల్లం వైపు లాగుతుంది. మూడు కిలోల పైచిలుకు బరువు ఎంతో, అంత.

ఈ అంకె పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. ఆండ్రూ సాయర్స్, మాడలిన్ హాక్నీ, లీనా టింగ్ తదితరులు 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇద్దరు మనుషులు చేతులు పట్టుకుని, ఒకరు నడిపిస్తూ ఒకరు అనుసరిస్తూ అడుగులు వేస్తున్నప్పుడు వాళ్ళ చేతుల మధ్య ఎంత బలం పనిచేస్తుందో కొలిచారు. తేలింది 10 నుంచి 30 న్యూటన్లు. ‘ఇప్పుడు ముందుకు’, ‘ఇప్పుడు వెనక్కి’, ‘ఇక్కడ ఆగు’ అన్న మాటలన్నీ నోరు విప్పకుండా ఆ కొద్ది బలంలోనే ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి చేరుతున్నాయి.

అంటే ఓడ మీద నాట్యం చేసేవారికి సముద్రమూ, చెయ్యి పట్టుకున్న మనిషీ ఇంచుమించు ఒకే గొంతుతో మాట్లాడతారు. ఏ మాట ఎవరిదో విడదీసుకోవడమే ఓడ మీద జరిగే నాట్యపోటీలో అసలు పరీక్ష. మెరిసే గౌన్లు, నల్ల కోట్లు, బ్యాండు మేళం అన్నీ కళ్ళకు కనబడతాయి. ఈ పరీక్ష మాత్రం కనబడదు. ఈ అధ్యాయం దాని గురించే.

బాల్‌రూమ్ నాట్యానికి ఇప్పుడున్న కట్టుదిట్టమైన రూపం మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో వచ్చింది. ‘డాన్సింగ్ టైమ్స్’ పత్రిక సంపాదకుడు ఫిలిప్ రిచర్డ్‌సన్ 1920లో లండన్‌లో నాట్యగురువులను సమావేశపరిచి, ఎవరికి తోచిన అడుగులు వాళ్ళు వేయకుండా ఒక ఒప్పందానికి తీసుకొచ్చే పని మొదలుపెట్టాడు. ఆ ఏడాదే బ్లాక్‌పూల్‌లో నాట్యోత్సవం మొదలైంది. 1922లో ప్రపంచ పోటీ గెలిచిన విక్టర్ సిల్వెస్టర్ తర్వాతి కాలంలో సొంత బ్యాండు పెట్టి, లయ చెక్కుచెదరని నాట్యసంగీతాన్ని రికార్డులకెక్కించాడు. వాల్ట్జ్‌కి నిమిషానికి 28 నుంచి 30 తాళావృత్తాలు, వియన్నీస్ వాల్ట్జ్‌కి 58 నుంచి 60, క్విక్‌స్టెప్‌కి 50 నుంచి 52 అన్న కొలతలతోనే నేటికీ పోటీలు నడుస్తాయి. టాంగో, స్లో ఫాక్స్‌ట్రాట్ కలిపితే ‘స్టాండర్డ్’ పంచకం పూర్తవుతుంది. రుంబా, సాంబా, చాచాచా, పాసో డోబ్లే, జైవ్‌లది లాటిన్ పంచకం.

ఓడల్లో ఈ నాట్యం ఎన్నడూ ఆగిపోలేదు. 2004 జనవరిలో తొలి ప్రయాణం చేసిన క్యునార్డ్ వారి క్వీన్ మేరీ 2లో ‘క్వీన్స్ రూమ్’ అనే బాల్‌రూమ్ ఉంది. సముద్రం మీద ఇంతకంటే పెద్దది లేదని కంపెనీ చెప్పుకుంటుంది. పగలు నాట్యపాఠాలు, రాత్రి బ్యాండు. ఒంటరిగా వచ్చిన మహిళలతో నాట్యం చేయడానికే కొందరు పెద్దమనుషులను ‘డాన్స్ హోస్ట్’లుగా ఓడ ఎక్కించుకుంటారు. 2004లో బీబీసీ ‘స్ట్రిక్ట్లీ కమ్ డాన్సింగ్’నీ, మరుసటేడు అమెరికాలో ఏబీసీ ‘డాన్సింగ్ విత్ ద స్టార్స్’నీ మొదలుపెట్టాక బాల్‌రూమ్ మోజు కొత్తగా ఊపందుకుంది. ఆ ఊపులో పీ అండ్ ఓ క్రూయిజెస్ మొదటి కార్యక్రమం పేరుతో ప్రత్యేక యాత్రలు నడిపింది. హాలండ్ అమెరికా లైన్ 2010ల దశకంలో తన ఓడల్లో ప్రయాణికులకు నాట్యం నేర్పి, పోటీ పెట్టి, ఒక్కో ఓడలో గెలిచినవారిని చివరి పోటీకి మరో యాత్రలో కలిపింది.

ఇలాంటి పోటీల్లో పాల్గొనేవాళ్ళలో చాలామంది నడివయసు దాటినవాళ్ళు, పదవీ విరమణ చేసినవాళ్ళు. వారానికో సాయంత్రం ఊరి హాల్లో నేర్చుకున్న అడుగులతో ఓడెక్కుతారు. వాళ్ళ మోకాళ్ళకీ చెవులకీ తెలిసిన నేల ఎన్నడూ కదలనిది.

ఓడ కదలికల్లో మూడు నాట్యానికి ముఖ్యం. పక్కలకు ఒరగడం రోల్. ముక్కూ తోకా పైకీ కిందికీ ఊగడం పిచ్. ఓడ మొత్తం లేచి దిగడం హీవ్.

రోల్ ఎంత నిదానంగా సాగుతుందన్నది ఓడను కట్టేటప్పుడే చాలావరకు తేలిపోతుంది. పక్కకు ఒరిగిన ఓడను నీరు తిరిగి నిటారుగా లేపుతుంది. ఆ లేపే గుణాన్ని ఇంజినీర్లు మెటాసెంట్రిక్ ఎత్తుతో కొలుస్తారు. అది ఎక్కువైతే ఓడ విసురుగా వెనక్కి వస్తుంది, తక్కువైతే తాపీగా వస్తుంది. 32 మీటర్ల వెడల్పూ, రెండున్నర మీటర్ల మెటాసెంట్రిక్ ఎత్తూ ఉన్న ఓడ ఒక పక్కనుంచి ఇంకో పక్కకు ఒరిగి మళ్ళీ మొదటికి రావడానికి సుమారు 16 సెకన్లు పడుతుంది. ప్రయాణికుల సుఖం కోసం ఈ నిదానాన్నే కోరుకుంటారు, భద్రతకు లోటు రానంతవరకు.

ఇప్పుడు వాల్ట్జ్ లెక్క చూడండి. నిమిషానికి 30 తాళావృత్తాలంటే ఒక్కోటి రెండు సెకన్లు. ఓడ ఒక్కసారి ఇటూ అటూ ఊగేలోపు సంగీతంలో ఎనిమిది ఆవృత్తాలు గడిచిపోతాయి. వాటిలో నాలుగు నేల ఒక పక్కకు వాలి ఉండగా, నాలుగు మరో పక్కకు వాలి ఉండగా. నాట్యసంగీతంలో చరణాలు తరచు ఎనిమిదేసి ఆవృత్తాలుగానే విరుగుతాయి. లయా రోలూ ఇలా దగ్గర పడ్డ రాత్రి, ఒక మూల దగ్గర ఎత్తుకు ఎక్కిన జంట తర్వాతి చరణంలోనూ అదే అడుగు దగ్గర ఎత్తుకు ఎక్కవచ్చు. అనుభవం ఉన్నవాళ్ళు దీన్ని పసిగట్టి అడుగు పొడవు సర్దుకుంటారు. కొత్తవాళ్ళు కాలు తప్పిందని నొచ్చుకుంటారు. తప్పు కాలిది కాదు.

రోల్‌ను అణచడానికి ఓడ పొట్టకు రెండు పక్కలా నీటి అడుగున రెక్కలుంటాయి. విమానం రెక్క గాలిలో చేసే పనినే ఇవి నీటిలో చేస్తాయి. ఓడ కుడికి ఒరగబోతే కుడిరెక్క పైకి ఎత్తే కోణానికీ, ఎడమరెక్క కిందికి నొక్కే కోణానికీ తిరుగుతాయి. డెన్నీ–బ్రౌన్ రకం రెక్కలను 1936లో ‘ఐల్ ఆఫ్ సార్క్’ అనే ఇంగ్లిష్ ఛానెల్ ఓడకు అమర్చారు. అదే ఏడాది తొలి ప్రయాణం చేసిన మొదటి క్వీన్ మేరీ మాత్రం విపరీతంగా ఊగే ఓడగా పేరుపడి కూడా 1958 దాకా వీటికి నోచుకోలేదు. ఆ ఇరవై రెండేళ్ళలో ఆ ఓడ మీద నాట్యం చేసినవారందరినీ గౌరవంగా తలుచుకోవాలి. ఈ రెక్కల బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 20 నాట్ల వేగంలో ఎంత పనిచేస్తాయో 10 నాట్లలో అందులో నాలుగో వంతే. తుఫాను వల్ల కెప్టెన్ వేగం తగ్గిస్తే, సాయం ఎక్కువ కావలసిన వేళకే సాయం తగ్గుతుందన్నమాట.

పిచ్‌ను, హీవ్‌ను ఈ రెక్కలు ఆపలేవు. 300 మీటర్ల ఓడ ముక్కు ఒక్క డిగ్రీ లేచిందంటే, నడుమ నుంచి 100 మీటర్ల దూరంలోని నేల 1.75 మీటర్లు పైకి వెళ్ళినట్టే. బాల్‌రూమ్ ఓడకు నడుమ ఉందా చివర ఉందా, కింది అంతస్తులో ఉందా పైన ఉందా అన్నది అందుకే పోటీదారులు తెలుసుకోవలసిన మొదటి విషయం. నేల ఎనిమిది సెకన్లకోసారి మీటరు లేచి మీటరు దిగుతుంటే, 60 కిలోల మనిషి బరువు ఒకసారి 64 కిలోలంత, మరోసారి 56 కిలోలంత అనిపిస్తుంది. వాల్ట్జ్‌లో మడమలు ఎత్తి పైకి లేవడమూ, మోకాలు సడలించి దిగడమూ ప్రాణం. పైకి లేవబోయే అరక్షణంలో నాలుగు కిలోలు అదనంగా నెత్తిన పడితే పిక్కలకు వెంటనే తెలుస్తుంది.

చెవికి తెలుస్తుందా? ఇక్కడే విషయం ఆసక్తికరంగా మారుతుంది.

లోపలి చెవిలో వినికిడితో సంబంధం లేని ఐదు పరికరాలున్నాయి. మూడు అర్ధవర్తుల కుల్యలు తల తిరుగుడును పట్టుకుంటాయి. రెండు చిన్న సంచుల్లో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు జిగురుపొర మీద కూర్చుని, తల వాలునూ సూటి కదలికలనూ పట్టుకుంటాయి. ఈ వ్యవస్థ మీద చేసిన పనికి వియన్నా వైద్యుడు రాబర్ట్ బారానీకి 1914 నోబెల్ బహుమతి ప్రకటించేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. వియన్నీస్ వాల్ట్జ్ పుట్టిన నగరంలోనే, తల ఎందుకు తిరుగుతుందో వివరించిన శాస్త్రవేత్త పనిచేశాడు.

కుల్యలు వేగంగా తిరగడాన్ని చురుగ్గా చెబుతాయి. నిదానంగా తిరిగితే వాటికి ఆనదు. మూడు డిగ్రీల మేర, 16 సెకన్లకు ఒక ఊగు చొప్పున ఒరిగే డెక్కు గరిష్ఠ వేగం సెకనుకు 1.2 డిగ్రీలే. అది కుల్యల గుర్తింపుకు దాదాపు అంచున ఉంటుంది. అంటే ఓడ ఒరుగుతున్న సంగతి కుల్యలు చెప్పకముందే అరికాళ్ళు చెబుతాయి.

కడుపులో తిప్పే విషయంలో మాత్రం చెవిదే ప్రధాన పాత్ర. లోపలి చెవి దెబ్బతిన్న బధిరులకు సముద్రపు వికారం రాదని విలియం జేమ్స్ 1882లోనే రాశాడు. 1950ల చివర నుంచి అమెరికా నౌకాదళం, నాసా కలిసి గల్లాడెట్ కళాశాలకు చెందిన 11 మంది బధిరులతో ప్రయోగాలు చేశాయి. వారిలో పదిమందికి చిన్నతనంలో వచ్చిన మెనింజైటిస్ వల్ల వినికిడి పోయింది. నోవా స్కోషియా దగ్గర అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో వాళ్ళు నింపాదిగా పేకాట ఆడుకుంటుంటే, ప్రయోగం చేయవలసిన పరిశోధకులకే వికారం ముదిరి పని ఆపేయాల్సి వచ్చింది. అంతరిక్షయానానికి ఆ పదకొండుమంది చేసిన సేవ చాలాకాలం పెద్దగా ఎవరికీ తెలియలేదు. తెలియాల్సిన సేవ అది.

అందరికీ ఎక్కువగా వికారం తెప్పించే కదలిక, సుమారు ఐదారు సెకన్లకోసారి పైకీ కిందికీ ఊగడం. 1974లో ఓహాన్లన్, మెకాలీ చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా తేలింది. ఎందుకన్న దాని మీద రెండు వాదాలున్నాయి. కన్ను ‘గది కదలడం లేదు’ అంటుంటే చెవి ‘కదులుతోంది’ అంటుంది, ఆ పొంతన కుదరకపోవడమే కారణమని జేమ్స్ రీజన్, బ్రాండ్ 1975లో వివరించారు. ఒంటిని నిలకడగా ఉంచుకోలేకపోవడమే మొదట వస్తుంది, వికారం దాని వెనక వస్తుంది అన్నది రిచియో, స్టాఫ్రెగన్ 1991లో పెట్టిన వాదం. థామస్ స్టాఫ్రెగన్ తన వాదాన్ని ఓడల మీదికే తీసుకెళ్ళాడు. క్రూయిజ్ ప్రయాణికుల మీద 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఓడ ఇంకా రేవులో కట్టి ఉండగానే కొలిచిన ఒంటి ఊగుకూ తర్వాత వచ్చిన వికారపు తీవ్రతకూ సంబంధం కనిపించింది. నాట్యకారులకు ఈ రెండో వాదమే ఎక్కువ పనికొస్తుంది. ఒంటి నిలకడ అభ్యాసంతో మెరుగుపడేది కనుక.

అదే పరిశోధకుల మరో గమనింపు బాల్‌రూమ్‌కు నేరుగా తగులుతుంది. సముద్రం మీద సిబ్బంది నిలబడేటప్పుడు నేల మీదకంటే పాదాలను ఎడంగా పెట్టుకుంటారు. దూరాన దిగంతరేఖను చూస్తూ నిలబడితే ఒంటి ఊగు తగ్గుతుంది. బాల్‌రూమ్ ఈ రెండింటినీ వద్దంటుంది! వాల్ట్జ్‌లో మూడో అడుగుకు పాదాలు రెండూ ఒకదాని పక్కన ఒకటి చేరాలి, అదీ మునివేళ్ళ మీద. స్లో ఫాక్స్‌ట్రాట్‌లో కాలు కాలి పక్కనుంచే సాగాలి. రాత్రి వేళ షాండిలియర్ల కింద దిగంతరేఖ ఎక్కడిది? చూపు ఎదుటివారి కుడి భుజం మీదుగా పోయి, ఓడతో పాటే ఒరిగే గోడకు తగులుతుంది. సముద్రం ఏ భంగిమను సహించదో పోటీ సరిగ్గా ఆ భంగిమనే అడుగుతోంది. కొత్త జంటలు ఓడ మీద కాళ్ళు ఎడంగా వేస్తూ మోకాళ్ళు వంచి నడవడం చూసి ‘శిక్షణ చాలలేదు’ అనడం అన్యాయం. వాళ్ళ ఒళ్ళు సరైన పనే చేస్తోంది. ఆ సరైన పనిని ఎక్కడ మానాలో నేర్వడమే మిగిలింది.

వియన్నీస్ వాల్ట్జ్‌కి వచ్చేసరికి కష్టం రూపం మారుతుంది. రెండు తాళావృత్తాలకు ఒక పూర్తి చుట్టు. నిమిషానికి 60 ఆవృత్తాలైతే 30 చుట్లు, అంటే సెకనుకు సగం చుట్టు. ఇద్దరి నడుమ ఉన్న ఉమ్మడి అక్షం నుంచి ఒక్కొక్కరి బరువుకేంద్రం 25 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, వాళ్ళను ఆ వలయంలో నిలిపి ఉంచడానికి గురుత్వాకర్షణలో నాలుగో వంతు త్వరణం కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 150 న్యూటన్లు. అందులో కొంత చేతులూ ఒళ్ళూ ఇస్తాయి, మిగిలింది చెప్పు అడుగున నేల ఇవ్వాలి. మూడు డిగ్రీల వాలు దీనికి ఇంకో 31 న్యూటన్లు జత చేస్తే, చెడ్డ క్షణంలో ఈ భారం ఐదో వంతు పెరుగుతుంది. ఉక్కు డెక్కు మీద పరిచిన చెక్కనేల, చెమ్మ నిండిన సముద్రపు గాలి, అరిగి నున్నబడ్డ స్వేడ్ తోలు అడుగు. ఈ మూడూ కలిస్తే జారడం తేలిక. అందుకే నాట్యకారులు పోటీకి ముందు ఆ తోలును తీగ బ్రష్‌తో గీకి మళ్ళీ నూగు లేపుతారు.

అన్నేసి చుట్లు తిరిగినా తల ఎందుకు తిరగదు? బ్యాలే నాట్యకారులు ఒకచోట చూపు నిలిపి, ఒళ్ళు తిరిగాక తలను చటుక్కున తిప్పుకుంటారు. జతగా పట్టుకుని ఆడే వాల్ట్జ్‌లో అది కుదరదు. తల, మెడ, వెన్ను ఒకే తీరుగా ఉండాలి. సెకనుకు 180 డిగ్రీల చొప్పున తిరుగుతూ తలను ఉన్నట్టుండి ఐదు డిగ్రీలు వంచితే, వేరే దిశలో సెకనుకు 15 డిగ్రీల పైచిలుకు తిరుగుడు మొదలైనట్టు కుల్యలకు అనిపిస్తుంది. ఓడ ఒరిగినప్పుడు కంగారుపడి తల సర్దుకునేవారికి ఒక్కసారిగా కళ్ళు తిరగడానికి కారణం ఇదే. వాలును చీలమండలతో, తుంటితో సర్దుకోవాలి కాని తలతో కాదు.

మిగతాది మెదడు చూసుకుంటుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2013లో 29 మంది బ్యాలే నర్తకులనూ, 20 మంది పడవపోటీ క్రీడాకారిణులనూ చీకటి గదిలో కుర్చీలో తిప్పి ఆపారు. తిరుగుతున్న భ్రమ నర్తకుల్లో త్వరగా తగ్గిపోయింది. చెవి పంపే కబురును వాళ్ళ అనుమస్తిష్కం తక్కువ చేసి పైకి పంపుతోందని మెదడు చిత్రాలు సూచించాయి. చెవి మారలేదు, చెవి మాటకిచ్చే విలువ మారింది.

మరి చెవి విలువ తగ్గితే దేన్ని నమ్మాలి? చేతిని.

కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో నిలబడినప్పుడు పైకడ్డీని గట్టిగా పట్టుకోనక్కర్లేదు, రెండు వేళ్ళు ఆనిస్తే చాలు, ఒళ్ళు తనంతట తనే కుదురుకుంటుంది. జాన్ జెకా, జేమ్స్ లాక్నర్ 1994లో దీన్ని ప్రయోగశాలలో కొలిచారు. ఒక కాలి ముందు మరో కాలు పెట్టి నిలబడ్డ మనిషి, కదలని కడ్డీకి చూపుడువేలిని ఒక్క న్యూటన్ కంటే తక్కువ బలంతో, అంటే వంద గ్రాముల కంటే తక్కువగా ఆనించినా ఒంటి ఊగు గణనీయంగా తగ్గింది. అంత చిన్న బలం ఒంటిని మోయలేదు. అది అందించేది ఆసరా కాదు, కబురు. ఒళ్ళు ఎటు జారుతోందో వేలికొన చర్మానికి ముందే తెలుస్తుంది, కండరాలు ఆ కబురుతో సర్దుకుంటాయి.

బాల్‌రూమ్ జంటకు ఇలాంటి తావులు ఐదారున్నాయి. కలిపిన అరచేతులు, భుజం కింద అరచెయ్యి, పైచేతి మీద ముంజేయి, పక్కటెముకల దగ్గరి స్పర్శ. నేల మీద ఈ స్పర్శలన్నీ నడక కబుర్లే మోస్తాయి. ఓడ మీద వాటిలోకి సముద్రం కూడా చొరబడుతుంది. అయితే ఇద్దరూ నిలబడింది ఒకే డెక్కు మీద. డెక్కు ఒరిగినప్పుడు ఇద్దరూ ఒకే క్షణంలో, తమ తమ బరువుకు తగ్గట్టు సర్దుకుంటే, వాళ్ళ చేతుల మధ్య బలంలో ఏ మార్పూ రాదు. సముద్రం ఇద్దరినీ లాగింది, కాని చేతికి వినబడలేదు. ఒకరు అరసెకను ఆలస్యమైతే ఆ తేడా మొత్తం చేతిలోకి వస్తుంది. నడిపించేవారు వాలుకు ఒరిగితే అనుసరించేవారు ‘తిరగమంటున్నారు’ అనుకుని తిరిగిపోతారు. ఓడ పోటీల్లో కనబడే విచిత్రమైన తడబాట్లలో చాలావాటికి మూలం ఈ అపార్థమే. ఎవరూ అడుగు మరిచిపోలేదు. సముద్రం చెప్పినదాన్ని జతవారు చెప్పినట్టు విన్నారు.

దీనికి మందు పట్టు బిగించడం కాదు. బిగించిన పట్టులో ప్రతి తేడా పెద్దదై వినబడుతుంది. అలాగని వదులుచేస్తే అసలు కబురూ పోతుంది. సాయర్స్ బృందం కొలతల్లో నిపుణులు వాడిన బలాలు కూడా చిన్నవే కావడం గమనించదగ్గ విషయం. ఏళ్ళ తరబడి కలిసి ఆడిన జంటలకు ఓడ మీద ఉండే మేలు ఇక్కడుంది. వాళ్ళు సర్దుకునే వేగాలు ఒకటికొకటి దగ్గరపడి ఉంటాయి. పగటిపూట డెక్కు మీద ఇద్దరూ పక్కపక్కన నడవడం, పోటీకి ముందు ఖాళీ బాల్‌రూమ్‌లో సంగీతం లేకుండా ఒకరినొకరు పట్టుకుని ఊరికే నిలబడి రోల్‌ను తెలుసుకోవడం, ఈ రెండూ కొత్త అడుగు నేర్చుకోవడం కంటే ఎక్కువ మేలు చేస్తాయి. వికారానికి వేసుకునే మాత్రలు చాలావరకు మత్తు కలిగించేవే. స్కోపొలమిన్ పట్టీ దగ్గరి చూపును మసకబారుస్తుంది. వాటిని పోటీ రోజున మొదటిసారి వాడటం తెలివైన పని కాదు.

న్యాయనిర్ణేతలకు ఇవన్నీ పట్టవు, వాళ్ళు చూసేది ఫలితాన్నే. జంటలన్నీ ఒకేసారి నేల మీదికి వస్తాయి గనుక వాలు అందరికీ ఒకటే. అయినా గదిచుట్టూ అపసవ్యదిశలో సాగే వరుసలో ఎవరు ఎక్కడున్నారన్న దాన్నిబట్టి ఒకరికది ఎక్కుడు, ఇంకొకరికి దిగుడు. స్టాండర్డ్ పోటీల తుదిదశలో వాడే స్కేటింగ్ పద్ధతిలో మార్కులు కూడరు, మెజారిటీని చూస్తారు. ఐదుగురు నిర్ణేతలు ఒక జంటకు 1, 1, 1, 5, 5 స్థానాలూ, మరో జంటకు వరసగా ఐదు రెండో స్థానాలూ ఇచ్చారనుకోండి. కూడితే రెండో జంటదే పైచెయ్యి. ఈ పద్ధతిలో మాత్రం ముగ్గురు మొదటి స్థానం ఇచ్చిన జంటే గెలుస్తుంది. డెక్కు అడ్డంగా లేచిన క్షణంలో ఇద్దరు నిర్ణేతల ఎదుట తడబడ్డ జంటకు ఇది ప్రాణం పోస్తుంది. కదిలే నేల మీద పోటీకి ఇంతకంటే న్యాయమైన లెక్క దొరకదు. ఓడల్లో కొన్నిచోట్ల ప్రేక్షకుల చప్పట్లను బట్టి విజేతను తేల్చేస్తుంటారు. అది సరదాగానే ఉంటుంది గాని, అంత కష్టపడ్డవారికి తగిన తీర్పు కాదు.

ఇన్ని ఇబ్బందుల మధ్య అరవై డెబ్బై ఏళ్ళవాళ్ళు ఎందుకు ఆడాలి అని అడిగేవాళ్ళుంటారు. లోపలి చెవిలోని రోమకణాలు వయసుతో తగ్గిపోతాయి, పోయినవి తిరిగి రావు. కనుక ఆ వయసులో చేతినీ పాదాన్నీ నమ్మడం నేర్వడం విలాసం కాదు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మాడలిన్ హాక్నీ, గామన్ ఎర్‌హార్ట్ పార్కిన్సన్స్ రోగులకు టాంగో నేర్పితే వాళ్ళ నిలకడ మెరుగైంది. ఆ హాక్నీయే తర్వాత చేతుల మధ్య న్యూటన్లను కొలిచిన బృందంలోనూ ఉన్నారు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించి, 2003లో జో వర్గీస్ బృందం ప్రచురించిన అధ్యయనంలో శారీరక వ్యాపకాలన్నిటిలోకీ నాట్యం ఒక్కటే మతిమరుపు వ్యాధి ముప్పు తగ్గడంతో ముడిపడి కనిపించింది. ఆరోగ్యంగా ఉన్నవారే నాట్యానికి వెళ్తారేమో అన్న సందేహానికి అందులో చోటుంది, పరిశీలన అధ్యయనాలకు ఉండే పరిమితి అది. టాంగో ఫలితాలు మాత్రం రోగులకు స్వయంగా నేర్పి చూసి తెలుసుకున్నవి.

యాత్ర ముగిసి రేవులో దిగాక పోటీదారులకు ఇంకో అనుభవం ఎదురవుతుంది. కదలని నేల కదులుతున్నట్టుంటుంది. రెండు మూడు రోజుల్లో ఓడ లయను నేర్చుకున్న మెదడు, దాన్ని ఇంకా ముందుగానే ఊహించి సర్దుతూ ఉంటుంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో అది పోతుంది. కొద్దిమందికి, ముఖ్యంగా నడివయసు స్త్రీలకు, నెలలూ ఏళ్ళూ నిలిచిపోతుంది. ‘మాల్ ద దెబార్క్‌మాఁ’ అనే ఈ జబ్బుకు చాలాకాలం చికిత్స లేదు. న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో మింగ్జియా దాయ్, బెర్నార్డ్ కోహెన్ తదితరులు 2014లో ఒక దారి చూపారు. రోగిని చుట్టూ కదిలే చారల మధ్య కూర్చోబెట్టి, వాళ్ళ ఒళ్ళు ఏ లయలో ఊగుతోందో అదే లయలో తలను పక్కలకు వంచారు. మొదట చికిత్స పొందిన 24 మందిలో 17 మందికి నేల మళ్ళీ పూర్తిగానో, చాలావరకో కుదురుకుంది.